ధర తగ్గించాలంటే ముందు సమయాన్ని చూడండి
తక్కువ ధరకు సేవ అందించాలనుకునేవారు జీతాలకో నాణ్యతకో కోత పెట్టే ముందు, తమ సంస్థలో అరుదైన నైపుణ్యం గల వ్యక్తి సమయం ఎక్కడ వృథా అవుతోందో గమనించడం మంచిది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పదవీ విరమణ తరువాత, 1976లో, మదురైలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రిలో రెండు ఆపరేషన్ బల్లలు పక్కపక్కనే ఉంటాయి. వైద్యుడు ఒక బల్లపై శుక్లం తీస్తుండగానే రెండో బల్లపై నర్సులు తరువాతి రోగిని సిద్ధం చేసి ఉంచుతారు కనుక, ఆయన మైక్రోస్కోపును అటు తిప్పితే చాలు. డబ్బు చెల్లించగలవారి రుసుముతోనే పేదలకు ఉచిత చికిత్స సాగుతుంది. శుక్లం తీశాక కంటిలో అమర్చే దిగుమతి లెన్సులు ఖరీదైనవని తేలడంతో 1992లో ఆరోలాబ్ పేరిట సొంతంగా తయారీ మొదలుపెట్టారు. నా దృష్టిలో అన్నిటికన్నా సాహసమైన నిర్ణయం అదే. మీ దుకాణంలోనైనా, ట్రస్టులోనైనా ముఖ్యుడు ఎదురుచూస్తూ కూర్చునే నిమిషాలను ఒక వారంపాటు రాసిపెట్టుకోండి.