గదుల్లో పోరుకి రూల్స్ కావాలా? ముందు తలుపు సంగతి చూడండి

నేను కావలిలో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. సాయంత్రమైతే అదే టేబుల్ మీద మా బావా నేనూ బొమ్మ సైనికులతో ఆడతాం. ఒక్కో వైపు అయిదారుగురు, 28 మి.మీ. బొమ్మలు, పోరంతా ఇంటి లోపలే. ఇలాంటి ఆటకి ఏ రూల్స్ కొనాలని అడిగితే నేను చెప్పేదొకటే. తుపాకుల పట్టిక తర్వాత చదువుకోవచ్చు, తలుపు గురించి ఏం రాశారో ముందు చూడండి.

బయలు ప్రదేశం కోసం రాసిన రూల్స్‌లో రైఫిల్ 24 అంగుళాలు కొడుతుంది. మన టేబుల్ మీద పెద్ద హాలే 8 అంగుళాలుంటుంది. అందులో అన్ని తుపాకులూ ఒకటే అయిపోతాయి. ఇక తేడా ఎక్కడొస్తుందంటే గుమ్మం దగ్గర, ఎవరు ఎవర్ని ముందు చూశారన్న దగ్గర.

కొనేముందు ఇలా చేసి చూడండి. చాలా ఆటలకి మూల రూల్స్ ఉచితంగానే దొరుకుతాయి. కాగితం మీద రెండు గదులు గీసి, మధ్య గోడలో ఒక తలుపు పెట్టండి. లోపలి గది మూలలో ఒక మనిషి, బయట గోడకి ఆనుకుని ఇద్దరు. మూడు టర్న్‌లు ఆడితే చాలు. తలుపు తీయడానికి ఒక యాక్షన్, అంటే ఆ టర్న్‌లో చేయగల పనుల్లో ఒకటి, పోతుందా? తీసినవాడు అదే టర్న్‌లో లోపలికి పోవచ్చా? మూలలో ఉన్నవాడికి వాళ్ల టర్న్ మధ్యలో కాల్చే హక్కుందా? గుమ్మం పక్కనుంచి తొంగిచూసేవాడికి గోడ చాటు దొరుకుతుందా? లోపలున్నవాడే ఎప్పుడూ గెలుస్తుంటే ఎవరూ తలుపు జోలికి పోరు, ఆట అక్కడే ఆగిపోతుంది. మా బావ ఒక రూల్‌బుక్ మూసేసి అన్న మాట: "తీసినోడే పోతుంటే ఇంక తీసేదెవుడు బావా?" అలాగని తీసినవాడే ప్రతిసారీ గెలుస్తున్నా పనికిరాదు. కాపు కాసినవాడి ఓపికకి విలువ లేకుండా పోతుంది.

ఈ లెక్క కుదిరిన ఆట ఎలా ఉంటుందో తెలియాలంటే 1989లో వచ్చిన స్పేస్ హల్క్ అనే బోర్డ్ గేమ్ చూడాలి. దాని నడవాలు దానికే ఉంటాయి, మన ఇంటి ప్లాన్ మీద ఆడేది కాదు. అయినా నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఒక్కో టెర్మినేటర్‌కి (బరువైన కవచం తొడిగిన సైనికుడు) టర్న్‌కి 4 యాక్షన్ పాయింట్లు. తలుపు తీయడానికి 1, కాపు కాయడానికి, అంటే ఎదుటివాడు కనిపించగానే కాల్చేలా గురిపెట్టి ఉండడానికి, 2. కాపులో కాల్చినప్పుడు రెండు డైస్ మీదా ఒకే అంకె పడితే తుపాకి జామ్. అంటే గుమ్మానికి గురిపెట్టి కూర్చున్నవాడికీ భయం తప్పదు. ఎదుటివాళ్లు రాడార్ చుక్కల్లా వస్తారు, ఆ చుక్క వెనక ఒకరున్నారో ముగ్గురున్నారో కనిపించేదాకా తెలీదు. వీటికి తోడు సైనికుల వైపు ఆడేవాడి నెత్తిన గడియారం కూడా ఉంటుంది.

మన గోడల మధ్య ఆడుకోవడానికైతే నా మొదటి ఓటు ఇన్‌ఫినిటీ అనే ఆటకి. మీ మనిషి కదలగానే, అతను కనిపించిన ప్రతి శత్రువుకీ అక్కడికక్కడే బదులిచ్చే హక్కుంటుంది. తుపాకుల పట్టికకి గదుల్లో కూడా అర్థముండేది ఇందులోనే: 8 అంగుళాల లోపు గురి లెక్కలో షాట్‌గన్‌కి +6, స్నైపర్‌కి −3. నచ్చని సంగతొకటి, ఆర్డర్లన్నీ (టర్న్‌లో మీ జట్టుకి దొరికే అవకాశాలు) ఒకే వీరుడికి పోసి గది తర్వాత గది ఖాళీ చేయించవచ్చు. చదవాల్సిందీ ఎక్కువే. ఓపికుంటేనే పట్టుకోండి.

కిల్ టీమ్ అనే ఆటలో 2022 నాటి ఇన్‌టు ది డార్క్ పెట్టె గదుల పోరు కోసమే వచ్చింది, తలుపులకీ కాపు కాయడానికీ అందులో విడిగా రూల్స్ ఉన్నాయి. పిల్లలతో ఆడాలంటే వన్ పేజ్ రూల్స్ వాళ్ల ఫైర్‌ఫైట్ చాలు. ఒకసారి నీ మనిషి, ఒకసారి నా మనిషి, గంటలో వచ్చేస్తుంది. తోడు దొరకని రోజున ఒక్కరే ఆడుకునే ఫైవ్ పార్సెక్స్. టర్న్ మొదట్లో డైస్ వేసి, చురుకైనవాళ్లు శత్రువు కన్నా ముందు, మిగతావాళ్లు తర్వాత కదులుతారు. తలుపు దగ్గర ఎవర్ని నిలబెట్టాలో ఆ డైస్ చూశాకే తేలుతుంది.

ఇల్లు గీసేటప్పుడు స్కేలు నమ్ముకోకండి. 28 మి.మీ. బొమ్మకి దాదాపు 1/60 స్కేలు. 12 అడుగుల గది 2.4 అంగుళాలకి కుంచించుకుపోతుంది, 3 అడుగుల తలుపు 15 మి.మీ. అవుతుంది. బొమ్మ కాళ్ల కింది గుండ్రటి బేసేమో 25 మి.మీ., పాత స్టీలు రూపాయంత. గుమ్మంలో పట్టదు! తలుపు 30 మి.మీ., చిన్న గదైనా 5 అంగుళాలు పెట్టండి. గోడలకి పెళ్లి కార్డుల అట్ట సరిపోతుంది, ఎత్తు 2 అంగుళాలు మించితే చెయ్యి పట్టదు.

ప్లాన్‌కి మా వైపు పాత మండువా ఇల్లు బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరసలో వస్తాయి. వసారాలో ఒకడు కూర్చుంటే ఇల్లంతా వాడి గురిలోనే. మీ రూల్స్‌లో పొగబాంబు గానీ, నడిచే దారిలో తలుపు మూసే వీలు గానీ లేకపోతే పెరటి గుమ్మాన్ని ఒక గది పక్కకి జరపండి. మొదటి ఆటకి నలుగురేసి చాలు, గ్రెనేడ్లు రెండో ఆట నుంచి.