వెండి రూపాయి మీది రంగు: గుర్తించడం, కాపాడడం, గ్రేడింగుకు పంపాలో వద్దో తేల్చుకోవడం

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లోని తెలుగువారి దేవుడి గూటిలో విక్టోరియా రాణి రూపాయో, జార్జి రాజు రూపాయో కనిపించడం వింత కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే కాబట్టి, అవతల శ్రీకాకుళం వైపు చెలామణీ అయిన నాణేలే ఇక్కడా తిరిగాయి. అయితే శ్రావణ శుక్రవారం వచ్చిందంటే వాటిని చింతపండుతో తోమి తళతళలాడిస్తారు. అది భక్తితో చేసే పనే అయినా, తోమిన నాణెం మీద మొదటి మెరుపు గానీ, ఏళ్ల తరబడి పట్టిన రంగు గానీ మళ్లీ రావు. అందుకే నాణేలు సేకరించదలచినవారు ముందుగా ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, పూజకు ఒక నాణెం విడిగా ఉంచి, మిగిలినవాటిని ముట్టుకోవద్దని కోరాలి.

వెండి గాలిలోని గంధకంతో కలిసినప్పుడు నాణెం మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. వాన నీటి మీద తేలిన పెట్రోలు చుక్క రంగులు చూపినట్టే, ఈ పొర కూడా తన మందాన్ని బట్టి రంగులు చూపుతుంది. పొర పల్చగా ఉన్నప్పుడు లేత పసుపు, కాస్త మందమైతే బంగారు రంగు, ఆ తరువాత ఎరుపు కలిసిన ఊదా, పిమ్మట నీలం వస్తాయి. ఇంకా మందమైతే మళ్లీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ వస్తాయి, చివరకు నలుపు మిగులుతుంది. ఈ వరుసను కంఠస్థం చేసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే సహజమైన రంగు వరుస తప్పదు. తెల్లటి వెండి పక్కనే, మధ్యలో పసుపు ఛాయ లేకుండా ముదురు నీలం మొదలైతే ఆ నాణేనికి ఎవరో కృత్రిమంగా రంగు పట్టించారని అనుమానించాలి.

మా అమ్మమ్మ పెట్టెలో 1918 నాటి రూపాయలు కొన్ని పాత కాగితంలో చుట్టి దొంతరగా ఉండేవి. మధ్యలోవి తెల్లగానే ఉన్నాయి, కాగితానికి ఆనుకుని ఉన్న చివరి నాణేనికి మాత్రం ఒకవైపే రంగు పట్టింది. దాన్ని ఒకే దీపం కింద పట్టుకుని మెల్లగా వంచితే అంచున నీలం, దాని లోపల ఊదా, ఆ లోపల బంగారు రంగు, రాజు చెంప దగ్గర లేత పసుపు వరుసగా కనిపిస్తాయి. అక్షరాల మొదళ్లలో రంగు కాస్త వెనక్కి తగ్గి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రంగు కింద నుంచి టంకశాల మెరుపు బండిచక్రపు ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. ఈ మెరుపు లేని నాణేనికి ఎంత అందమైన రంగున్నా నేను ఎక్కువ ధర పెట్టను, ఎందుకంటే తోమిన నాణేనికి తరువాత రంగు పట్టించడం మోసగాళ్లకు బాగా అలవాటైన పని.

కొనేటప్పుడు తూకం తప్పక చూడండి. పాత రూపాయి బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు, కాబట్టి అరుగుదలను మించి తేడా వస్తే వదిలేయాలి. గీతల లోపల కూడా రంగు మెరుస్తుంటే గీత పడ్డ తరువాతే రంగు పట్టిందని అర్థం. నాణెం గంధకం వాసన వేస్తే బేరమే వద్దు. అంచున అతుకు గుర్తు ఉంటే అది ఒకప్పుడు మెడలో వేలాడిన నాణెం.

దాచడంలో మన వాతావరణం పెద్ద చిక్కు. గోపాలపురం సముద్రపు గాలి, వానాకాలపు తేమ కలిస్తే అందమైన రంగు కూడా చూస్తుండగానే నల్లబడుతుంది. మెత్తటి పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్లాన్ని విడిచి నాణెం మీద పచ్చటి జిగురు పట్టిస్తాయి. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది. వంటగ్యాసుకు వాసన కోసం కలిపేది కూడా గంధకపు సమ్మేళనమే కాబట్టి వంటింటి అలమర పనికిరాదు. గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో పెట్టి, సిలికా జెల్ పొట్లంతో సహా మూత బిగుసుకునే డబ్బాలో ఉంచి, ఆ పొట్లాన్ని అప్పుడప్పుడూ మారుస్తుంటే చాలు.

ఇక గ్రేడింగు సంగతి. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే అమెరికా సంస్థలు నాణేన్ని పరిశీలించి, దాని స్థితిని బట్టి 1 నుంచి 70 వరకు ఉన్న కొలమానంలో అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. రంగు అనుమానంగా ఉన్నా, నాణెం తోమినదైనా అంకె ఇవ్వకుండా ఆ లోపాన్నే చీటీ మీద రాస్తాయి. అమ్మే రోజున కొనేవారికి ఆ పెట్టె నమ్మకాన్నిస్తుంది. అయితే మనవారిలో చాలామంది తలచుకోని చట్టం ఒకటుంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరెవరూ దాన్ని దేశం దాటించకూడదు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ ఈ పరిధిలోకే వస్తాయి. దళారి చేతికిచ్చినా నాణెం సరిహద్దు దాటడం దాటడమే. పొలం దున్నుతుంటే దొరికిన నాణేలకైతే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం వర్తిస్తుంది, కాబట్టి వాటిని కొనే ఆలోచనే పెట్టుకోవద్దు.

కనుక పంపదగినవి నూరేళ్లు నిండనివి మాత్రమే. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయలలో వెండి సగమే, మిగిలిన దానిలో ఎక్కువ భాగం రాగి, అందువల్ల వాటిలో చాలావరకు మట్టిరంగులోనే ఆగిపోతాయి. గాంధీ శతజయంతికి 1969లో వెలువడిన పది రూపాయల నాణెంలో వెండి 80 శాతం, బరువు 15 గ్రాములు. దానికి రంగు చక్కగా పడుతుంది, కానీ మామూలు నాణెమైతే గ్రేడింగు ఖర్చే దాని ధరను మించిపోవచ్చు. రుసుము, రానుపోను తపాలా, బీమా, కస్టమ్స్ అన్నీ కూడి, పెట్టెలో ఉన్నప్పుడు వచ్చే ధరకూ లేనప్పుడు వచ్చే ధరకూ ఉన్న తేడాతో పోల్చండి. తేడా ఖర్చుకు కనీసం రెండింతలు లేకపోతే నేను పంపను. అంకె అనుకున్నంత రాకపోయినా, రంగును అనుమానించినా చేతికి నష్టమే మిగులుతుంది కాబట్టి ఆ రెండింతల జాగ్రత్త. పంపే ముందు ఒకే వెలుతురులో రెండు వైపులా ఫొటోలు తీసి, బరువు రాసిపెట్టుకోవాలి.

నా 1918 రూపాయికి నూరేళ్లు దాటాయి, కాబట్టి అది ఎక్కడికీ వెళ్లదు. క్యాప్సూల్‌లో దాని కింద చిన్న చీటీ పెట్టాను: అమ్మమ్మ పెట్టె, దొంతరలో చివరిది, 11.64 గ్రాములు, ఎన్నడూ తోమలేదు.