చెట్టు కల్లు ఏదో, మందు కల్లు ఏదో ఎట్లా పోల్చుకోవాలి

వరంగల్‌లో దుకాణం మీద సీసా కొనేకంటే, ఊరవతల తాటివనానికి పోయి గీసే గౌడన్న దగ్గరే పోయించుకోండి. లొట్టి (కల్లు పట్టే కుండ) చెట్టు దిగడం కళ్లారా చూడటమే అన్నిటికన్నా గట్టి పరీక్ష. మందు కల్లులో కల్తీగా కలిపే డైజెపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులను పట్టే పరీక్ష ఇంట్లో ఏదీ లేదు. నురగ చూసో, రంగు చూసో నమ్మితే మోసపోతారు. ల్యాబ్ ఒక్కటే తేల్చగలదు.

అందుకే ముందు లెక్క చూడాలి. ఒక చెట్టు రోజుకు పారేది కొద్ది లీటర్లే. ఈత చలికాలంలో, తాటి ఎండాకాలంలో ఎక్కువగా పారుతాయి. చుట్టుపక్కల గీసే చెట్లు పదీ ఇరవై ఉండి, దుకాణంలో మాత్రం ఏడాది పొడవునా ఒకే రుచితో వందల సీసాలు అమ్ముడుపోతుంటే ఆ కల్లు చెట్టుది కాదు.

తర్వాత పులుపు. లొట్టి లోపల సున్నం పూస్తే నీరా, అంటే పులియని చెట్టు రసం, తియ్యగా నిలుస్తుంది. పూయకపోతే బొట్టుబొట్టుగా పడుతున్నప్పుడే పులియడం మొదలవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, రాత్రికి పుల్లటి ఘాటు. పొద్దున దించిందని చెప్పిన కల్లు సాయంత్రం కూడా చక్కెర నీళ్లలా ఉంటే అనుమానించండి, శాక్రిన్ అనే కృత్రిమ తీపి పడి ఉండొచ్చు. పులిసిన కల్లులో ఆల్కహాల్ దాదాపు 4–5 శాతం, అంటే బీరంత. రెండు గ్లాసులకే మాట ముద్దయి, కళ్లు మూతలు పడి, జరిగింది గుర్తు లేకపోతే అది కల్లు నిషా కాదు, మందు పని.

ఇంటికి తెచ్చేటప్పుడు సీసా ముప్పావు వంతే నింపి, మూత వదులుగా పెట్టండి. బిగిస్తే గ్యాస్ పట్టి పగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా పులియడం ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. చెట్టు కల్లైనా మద్యమే, గర్భిణులకూ పిల్లలకూ బండి నడిపేవాళ్లకూ వద్దు.

రోజూ మందు కల్లుకు అలవాటు పడ్డవాళ్లను ఒక్కసారిగా మాన్పించకండి. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఒకట్రెండు రోజుల్లోనే చేతుల వణుకు, నిద్రలేమి, పిచ్చిచూపులు, ఫిట్స్ రావొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరిసారి ఎప్పుడు తాగారు అన్నది దాచకుండా చెప్పండి. దాన్ని బట్టే డాక్టర్లు మందు మోతాదు వేసి, మెల్లమెల్లగా తగ్గిస్తారు.