గైడ్ గారి ఎర్ర గీతలు చూసి నీరుగారిపోతుంటే

పీహెచ్‌డీ థీసిస్ చాప్టర్ గైడ్ దగ్గర్నుంచి నిండా ఎర్ర గీతలతో తిరిగొస్తే ఆ ఫైలు మళ్ళీ తెరవబుద్ధి కాదు. నాకు వారాలు అలాగే పోయేవి.

ఇప్పుడు వచ్చిన రోజు ఒక్కసారి చదివి మూసేస్తాను. మర్నాడు పొద్దున ప్రతి కామెంట్‌నీ చేయాల్సిన పనిగా మార్చి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. "వాదన బలంగా లేదు" అన్నది "మూడో సెక్షన్‌కి ఇంకో రెండు ఆధారాలు వెతకాలి" అవుతుంది. ఎంత ఆలోచించినా పనిగా మారని మాటని వదిలేస్తాను. ముందు అరగంటలో అయ్యేవి మూడు ముగిస్తాను: రిఫరెన్సులు, పట్టికల నంబర్లు లాంటివి. తర్వాత పెద్దవాటి మీద టెన్షన్ నిజంగానే తగ్గుతుంది.

కామెంట్లు పని మీద కాక మనిషి మీద ఉంటే మాత్రం ఇది పనిచేయదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్ మన పని చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. అందులో నమ్మకమున్న ఒకరితో మాట్లాడండి, ఆలస్యం చేయకండి.