పెరటి కోడి గుడ్లను ఎండాకాలంలో నిల్వ చేసుకునే విధానం

పెరట్లో పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లు, దుకాణంలో కొనే ఫారం గుడ్లు ఒకే తీరుగా నిల్వ ఉండవు. గుడ్ల ఫారాల్లో పుంజులు ఉండవు కనుక అక్కడి గుడ్డులో పిండం ఎదిగే అవకాశమే లేదు. పెరటి గుడ్డులో మాత్రం అది బయటపడే సమయానికే పిండ కణాలు ఉంటాయి. చుట్టూ వేడి సుమారు 25 డిగ్రీలు దాటితే అవి మెల్లగా ఎదగడం మొదలవుతుంది. మే నెలలో గుంటూరులోనో, ఖమ్మంలోనో గూట్లో రెండు మూడు రోజులు ఉండిపోయిన గుడ్డును పగలగొడితే పచ్చసొన మీద సన్నని ఎర్రటి వలయం కనిపించడానికి కారణం ఇదే. అది కోడికి వచ్చిన రోగం కాదు.

నాటు పెట్ట ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెట్టి, మధ్యమధ్య పొదగడానికి కూర్చుంటుంది కాబట్టి నిల్వ సమస్య అంతగా రాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ వంటి రకాలు పెరట్లోనే 150కి పైగా గుడ్లు పెడతాయి కనుక, నాలుగైదు పెట్టలున్న ఇంట్లో కూడా గుడ్లు త్వరగానే పోగవుతాయి.

పెట్టలు ఎక్కువగా ఉదయం పూటే గుడ్లు పెడతాయి. అందుచేత మధ్యాహ్నం లోపు ఒకసారి, సాయంత్రం కోళ్లను గూట్లోకి తోలేటప్పుడు మరొకసారి గుడ్లు ఏరుకోవాలి. గంపలోని వరిగడ్డిని తడి తగలకుండా చూసి, రెట్ట అంటిన గడ్డిని వెంటనే మారిస్తే గుడ్లు శుభ్రంగా వస్తాయి. అసలు నిల్వ అక్కడే మొదలవుతుంది. పెంకు మీద వేల సూక్ష్మ రంధ్రాలుంటాయి, వాటిని కప్పుతూ సహజమైన పలుచని పూత ఉంటుంది. గుడ్డును కడిగితే ఆ పూత పోతుంది. పైగా చన్నీళ్లలో కడిగినప్పుడు లోపలి పదార్థం కుంచించుకుని, పైనున్న క్రిములను రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది. కాబట్టి మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడిచి ఊరుకోవాలి. మరీ మురికైన దాన్ని గోరువెచ్చని నీటితో కడిగి ఆ రోజే వండుకోవాలి.

తేదీని పెన్సిలుతో రాసి, మొన కిందికి, వెడల్పాటి భాగం పైకి వచ్చేలా ట్రేలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదు వారాల వరకు వాడుకోవచ్చు. ఫ్రిజ్ తలుపుకున్న గుడ్ల అర చూడటానికి ముచ్చటగా ఉన్నా, తలుపు తెరిచిన ప్రతిసారీ వేడి తగిలేది దానికే. లోపలి అరే మేలు. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డును బయట వదిలేస్తే పెంకు మీద చెమ్మ పడుతుంది, అది క్రిములకు దారి.

ఫ్రిజ్ లేనిచోట వెడల్పాటి మట్టి పాత్రలో ఇసుక పోసి తడిపి, అందులో సగం దిగేలా కుండను కూర్చోబెట్టి, కుండలో పొడి గడ్డి పరిచి గుడ్లు పేర్చి, పైన పలుచని గుడ్డ కప్పాలి. ఇసుక ఆరకుండా రోజూ నీళ్లు చల్లుతుండాలి. పొడి ఎండలు కాసే తెలంగాణ, రాయలసీమల్లో ఈ కుండ బాగా చల్లబడుతుంది. ఉక్కపోత ఎక్కువైన కోస్తాలో నీరు ఆవిరి కావడమే తక్కువ కనుక దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. ఎక్కడైనా వేసవిలో ఈ గుడ్లను కొద్ది రోజుల్లోనే వాడేయడం మంచిది.

పిల్లలు అక్కరలేని కాలంలో పుంజును వేరుగా కట్టేయడం అన్నిటికన్నా సులువైన ఉపాయం. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడుతూనే ఉంటాయి. అయితే వేరు చేసిన తరువాత కూడా రెండు మూడు వారాల పాటు పిండం ఉన్న గుడ్లు వస్తాయని గుర్తుంచుకోవాలి.

పొదగేయదలచిన గుడ్లకు లెక్క వేరు. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఇంట్లోకెల్లా చల్లని మూలలో ఉంచి, వారం లోపు పెట్ట కిందికి చేర్చాలి. ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డును పెట్టి చూస్తే, ఎదుగుతున్న దానిలో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు కనబడతాయి. ఏమీ కనబడకుండా వెలుతురు నేరుగా వచ్చేవాటిని తీసేయాలి. తీసేసిన గుడ్లు వారం పాటు పెట్ట వేడిలో ఉన్నవి కనుక వంటకు పనికిరావు.