అండర్‌గ్రౌండ్ డ్యాన్స్ సంగీతం వెతుకులాట – మూడో పాఠం: లేబుల్ మీది చిన్న అక్షరాలు

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుందిగా: గంట నిడివి ఉన్న ఒక డీజే మిక్స్ విని, మనసు లాగిన చోటల్లా నిమిషం, సెకను రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. కొన్ని ట్రాకుల్ని పాట విని పేరు చెప్పే షాజమ్ యాప్ గుర్తుపట్టి ఉంటుంది, కొన్నిటి దగ్గర చేతులెత్తేసి ఉంటుంది. డీజేలు ట్రాక్ వేగాన్ని మారుస్తారు, రెండు ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి నడిపిస్తారు, ఇంకా విడుదల కానివి కూడా వేస్తారు. అందుకని దొరకనివాటిని కొట్టెయ్యకండి, అలాగే ఉంచండి. ఈ పాఠానికి పేరు దొరికిన ట్రాక్ ఒక్కటుంటే చాలు.

పేరు దొరకగానే చాలామంది దాన్ని స్ట్రీమింగ్ యాప్‌లో పెట్టి, యాప్ తర్వాత ఏది వినిపిస్తే అది వింటూ కూర్చుంటారు. నేను వద్దంటాను. ఎక్కువమంది దేని తర్వాత దేన్ని విన్నారన్న లెక్క మీదే యాప్ చాలావరకు నడుస్తుంది. మూడు వందల కాపీలు మాత్రమే అచ్చైన రికార్డు ఆ లెక్కలోకి ఎక్కడం కష్టం. ఈ సంగీతం మాత్రం ఒకరికొకరు ఎరిగిన మనుషుల మధ్య పెరిగింది. ఒకే రికార్డుల దుకాణంలో నిలబడినవాళ్లు, ఒకే పైరేట్ రేడియోలో (లైసెన్సు లేకుండా నడిచే రేడియోలో) వంతులవారీగా వాయించినవాళ్లు, ఒకే యంత్రాన్ని అరువు తెచ్చుకుని వాడుకున్నవాళ్లు. ఆ పరిచయాలు రికార్డు మీద చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. వాటిని చదవడమే ఈవేళ్టి పని.

మీ కాగితంలో ‘క్వాడ్రంట్’ అన్న పేరు ఉందనుకుందాం. డిస్కాగ్స్ వెబ్‌సైట్ తెరవండి. 2000లో మొదలైన ఈ రికార్డుల జాబితాను రికార్డులు సేకరించేవాళ్లే నింపుతూ వస్తున్నారు. క్వాడ్రంట్ వెనక ఇద్దరున్నారని అక్కడ తెలుస్తుంది: మార్క్ ఎర్నెస్టస్, మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్. వాళ్ల ఇతర పేర్లు కూడా అక్కడే ఉంటాయి: బేసిక్ ఛానెల్, సైరస్, ఆ తర్వాత రిథమ్ అండ్ సౌండ్. ఒక్క పేరు పట్టుకుంటే నాలుగు దొరికాయి. ఈ రంగంలో ఒకే మనిషి అయిదారు పేర్లతో పనిచేయడం మామూలే. ఒక్కో పేరుకు ఒక్కో వేగం, ఒక్కో స్వభావం ఉంటాయి. కాబట్టి ప్రొడ్యూసర్‌ని, అంటే ట్రాక్ తయారుచేసిన సంగీతకారుణ్ణి, వెతికేటప్పుడు మొదట వాళ్ల మారుపేర్లన్నీ రాసుకోండి.

తర్వాత లేబుల్ పేజీకి, అంటే రికార్డు విడుదల చేసిన సంస్థ పేజీకి, వెళ్లండి. బేసిక్ ఛానెల్ 1993లో బెర్లిన్‌లో మొదలైంది. తొలి తొమ్మిది రికార్డుల్ని కేటలాగ్ సంఖ్యల వరసలో వినండి. ఈ సలహాను తేలిగ్గా తీసుకోకండి. మొదటి రికార్డులో గట్టిగా తాకే కిక్ డ్రమ్ పోనుపోను పొగలోకి జారుకోవడం, ఒక్క కార్డ్ (కలిసి మోగే కొన్ని స్వరాలు) ఎకోలో కరిగి నిమిషాల తరబడి మారుతూ పోవడం, అలా వరసగా వింటేనే చెవికి పడతాయి. విడివిడిగా వింటే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఆ ‘ఒకేలా’ లోపలి తేడాలు వినగలిగిన రోజు ఈ సంగీతం మీకు తలుపు తీసినట్టే.

అక్కణ్ణుంచి మూడు దారులున్నాయి.

ఒకటి, దుకాణం. 1989లో బెర్లిన్‌లో హార్డ్ వాక్స్ అనే రికార్డుల దుకాణం తెరిచింది ఈ ఎర్నెస్టసే. ప్రతి రికార్డు గురించీ వాళ్లు రాసే ఒకటి రెండు ముక్కల పరిచయాలు చదవండి. ఆర్భాటం లేకుండా సంగీతాన్ని ఎలా పరిచయం చెయ్యాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి నాకు తెలియదు.

రెండోది, అనుబంధ లేబుళ్లు. అదే ఇద్దరు 1995లో చైన్ రియాక్షన్ పెట్టి, ఇతరుల సంగీతం విడుదల చేశారు. మోనోలేక్ అనే జంట, అంటే రాబర్ట్ హెంకే, గెర్హార్డ్ బేలెస్, అక్కడే కనిపిస్తారు. బేలెస్ ఆ తర్వాత 1999లో ఏబుల్టన్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు; దాని ‘లైవ్’ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ను తీర్చిదిద్దడంలో హెంకేకీ పాత్ర ఉంది. ఇవాళ లెక్కలేనంతమంది ప్రొడ్యూసర్లు వాడుతున్న సాఫ్ట్‌వేర్ అది. ఫిన్లండ్‌కు చెందిన వ్లాదిస్లావ్ డిలే కూడా అదే లేబుల్లో ఉన్నాడు. అతని మారుపేర్లు చూస్తే లూవోమో తగులుతుంది. ఆ పేరుతో అతను చేసినవి గొంతులు నిండిన హౌస్ పాటలు. ఎకో నిండిన, పొగలాంటి డబ్ సంగీతం నచ్చనివాళ్లకు ఆ పాటలు నచ్చవచ్చు. ఈ సంగతి సిఫారసు చేసేటప్పుడు పనికొస్తుంది.

మూడో దారిని దాదాపు ఎవరూ పట్టించుకోరు: రికార్డు కట్ చేసిన, అంటే అచ్చుకు ముందు మూల పళ్లెం మీద గాడి చెక్కిన, ఇంజనీరు. వినైల్ రికార్డు చివర, గాడి ముగిసి లేబుల్ కాగితం మొదలయ్యే మధ్య ఖాళీలో చేత్తో గీసిన అక్షరాలు ఉంటాయి. డెట్రాయిట్ టెక్నో రికార్డుల మీద ‘ఎన్.ఎస్.సి.’ అని కనిపిస్తే దాన్ని కట్ చేసింది రాన్ మర్ఫీ, అతని నేషనల్ సౌండ్ కార్పొరేషన్‌లో. బెర్లిన్ రికార్డులకు డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అలాంటి చోటు. అక్కడ ఇంజనీరుగా పనిచేసిన రషాద్ బెకర్ 2013లో పాన్ లేబుల్ మీద సొంత ఆల్బం తెచ్చాడు. మీకు నచ్చిన పది రికార్డుల మీద ఒకే ఇంజనీరు గుర్తు ఉందంటే మీ చెవికి నచ్చిన లోతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసినట్టే.

చిన్న అక్షరాలే లేనిచోట ఏం చెయ్యాలి? దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో గోమ్ సంగీతం మొదట్లో వినైల్ మీద రాలేదు, ఫోన్ల నుంచి ఫోన్లకు ఫైళ్లుగా తిరిగింది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో, నిమిషానికి 200 బీట్లు దాటే సింగేలీ అనే సంగీతానికి ఆధారం పేటల్లోని స్టూడియోలు. ఉగాండాలోని కంపాలాకు చెందిన న్యెగె న్యెగె టేప్స్ అనే లేబుల్, అలాంటి స్టూడియోల్లో ఒకటైన సిస్సో స్టూడియో సంగీతాన్ని 2017లో సంకలనంగా తెచ్చింది. ఇలాంటిచోట లేబుల్ దగ్గరే ఆగిపోకండి. స్టూడియో పేరు, ట్రాక్‌లో మైకు పట్టిన ఎంసీ పేరు రాసుకుని వాటి వెంట వెళ్లండి. సంకలనం వేసినవాళ్లకు వచ్చినంత పేరు సంగీతం చేసినవాళ్లకు రాకపోవడం ఈ రంగంలో ఎప్పుడూ ఉన్న అన్యాయం. సిఫారసు చేసే మనం దాన్ని పెంచకూడదు.

సంగీతం కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో ఇంకో మార్గం ఉంది. ఆల్బం పక్కన కొన్నవాళ్ల చిన్న బొమ్మలు ఉంటాయి. ఒకటి నొక్కితే ఆ మనిషి కొన్నవన్నీ కనిపిస్తాయి. మీకు నచ్చినవి నాలుగైదు కనిపిస్తే, మిగతావి కూడా వినండి. డబ్బిచ్చి కొన్న మనిషి అభిరుచిని నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక సిఫారసు. ‘అదిరిపోయింది, తప్పక వినండి’ అనేది మీ ఉత్సాహాన్ని చెబుతుంది గానీ ట్రాక్ గురించి ఏమీ చెప్పదు. ఎవరికి చెబుతున్నారో ఒక్క మనిషిని మనసులో పెట్టుకోండి. ఏం వినాలో, ఎలా వినాలో చెప్పండి. డ్రమ్ముల ఆట ఇష్టపడే స్నేహితురాలికి నేనైతే ఇలా రాస్తాను:

“షికాగో ప్రొడ్యూసర్ ఆర్.పి. బూ 2013లో ప్లానెట్ మ్యూ లేబుల్ మీద తెచ్చిన ‘లెగసీ’ విను. ఇది ఫుట్‌వర్క్, నాట్యపోటీల కోసం చేసే సంగీతం, నిమిషానికి 160 బీట్లు. మొదటిసారి వింటే కిక్ ఉండాల్సిన చోట లేదేమిటి అనిపిస్తుంది. పోటీలో నర్తకుల పాదాలు నింపడానికే ఆ ఖాళీలు. ఆయనా మొదట నర్తకుడే. సగం వేగంతో, 80 లెక్కన తల ఊపుతూ విను, అంతా కుదురుకుంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకో, ఫోన్ స్పీకర్లో కింది బేస్ అసలు వినపడదు.”

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. వినేవాళ్లు ఎక్కడ తడబడతారో ముందే ఊహించి అక్కడ చెయ్యి అందించడమే ఉంది.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోండి. ప్రొడ్యూసర్ తన అసలు పేరు బయటపెట్టకపోతే మీరు తవ్వకండి. లండన్ ప్రొడ్యూసర్ బరియల్ రెండు ఆల్బంలు, 2006లో ఒకటి, 2007లో ఒకటి, అసలు పేరు చెప్పకుండానే తెచ్చాడు. పత్రికలు వెంటపడటం ఎక్కువయ్యాకే 2008లో తన పేరు చెప్పాడు. ఆ వేటవల్ల ఆ సంగీతానికి కొత్తగా ఒరిగిందేమీ లేదు.

ఈ వారం అభ్యాసం: మీ కాగితంలోని ఒక్క ట్రాక్‌తో మొదలుపెట్టి మారుపేర్లు, లేబుల్, అనుబంధ లేబుల్, ఇంజనీరు వరసలో కనీసం పన్నెండు పేర్లు రాయండి. అందులో మీరు అంతకుముందు వినని ముగ్గురిని ఎంచుకుని, ఒక్కొక్కరి నుంచి ఒక్క రికార్డు మొదటి నుంచి చివరిదాకా వినండి. ఆ ముగ్గురిలో ఒకరి గురించి, మీకు తెలిసిన ఒక్క మనిషికి, అయిదు వాక్యాలు రాసి పంపండి. వాళ్లు విన్నాక ఏ నిమిషం దగ్గర ఆగారో అడిగి రాసుకోండి. నాలుగో పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.