సమాధానం రాయడం – 4వ పాఠం: ‘వల్ల’ ఒక్కటే చాలదు

క్రితం పాఠంలో ఇచ్చిన ప్రశ్న గుర్తుందిగా: ‘ఉగ్రవాదానికి ఆర్థిక, రాజకీయ, సామాజిక కారణాలు చర్చించండి.’ బ్రాడీపేటలో మా గ్రూప్స్ బ్యాచ్ పిల్లల జవాబులు రాత్రి కూర్చుని దిద్దాను. దాదాపు అందరి మొదటి వాక్యమూ ఒకటే: ‘పేదరికం, నిరుద్యోగం వల్ల యువత ఉగ్రవాదం వైపు వెళ్తోంది.’

అదే నిజమైతే, మిర్చి యార్డులో రేటు పడిపోయిన ప్రతి ఏడాదీ గుంటూరులో ఏదో ఒకటి పేలాలి. పేలదు. రైతులు టిక్కీలు (మిర్చి బస్తాలు) వదిలి రోడ్డు మీద బైఠాయిస్తారు, అధికారులు వస్తారు, కేకలూ బేరమూ నడుస్తాయి. అందుకే ‘వల్ల’ అని రాసిన ప్రతిచోటా ఆగి, ఇదే కష్టం పడ్డ పక్కవాళ్లు తుపాకీ ఎందుకు పట్టలేదని అడగండి.

శ్రీలంక మీద వేసి చూద్దాం. అక్కడి తమిళుల్లో బాగా చితికినవాళ్లు తేయాకు తోటల కూలీలు. 1948 చట్టంతో వాళ్లలో అత్యధికులకు పౌరసత్వమే లేకుండా పోయింది. అయినా ప్రభుత్వంపై పోరాడిన తమిళ సాయుధ దళాలు ప్రధానంగా పుట్టింది తోటల్లో కాదు, చదువులకు పేరుపడ్డ జాఫ్నాలో. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష కావడంతో సర్కారు కొలువు దూరమైంది. 1970ల మొదట్లో యూనివర్సిటీ సీటుకు తమిళ మీడియం విద్యార్థికి ఎక్కువ మార్కులు కావాలన్నారు. చేతికందే సీటు జారిపోయినవాడి కోపం వేరు. గ్రూప్స్ రాసే మీకు నేను చెప్పాలా?

తోటల వాళ్లకు తొండమాన్ నడిపిన యూనియన్ ఉంది. ఆయన 1978లో మంత్రి అయ్యారు, పౌరసత్వం విడతలవారీగా సాధించుకున్నారు. ఉత్తరాన, జాఫ్నా వైపు అలా జరగలేదు. ప్రత్యేక దేశం కోరుతూ 1977లో గెలిచి ప్రధాన ప్రతిపక్షమైన తమిళ పార్టీ ఎంపీలను, వేర్పాటు కోరబోమని ప్రమాణం చెయ్యమంది 1983 ఆగస్టు నాటి ఆరో రాజ్యాంగ సవరణ. వాళ్లు చెయ్యలేదు. సీట్లు పోయాయి.

ఇప్పుడు మీ పెన్నుకు మూడు మాటలు: వల్ల, అండతో, అదనుగా. మొదటిది కడుపుమంట. రెండోది డబ్బు, శిక్షణ, దాక్కునే చోటు. మూడోది సమయం, అదను అంటే ఏమిటో పల్నాటి పత్తి రైతును అడిగినా చెబుతాడు. ఒక వాక్యం చూడండి:

‘భాషా విధానం, ప్రవేశాల నిబంధనల వల్ల రగిలిన యువకులను, తమిళులపై 1983 జూలైలో జరిగిన మారణకాండ అదనుగా దళాలు పెద్దయెత్తున చేర్చుకున్నాయి, భారత్ ఇచ్చిన శిక్షణ, విదేశాల్లోని తమిళుల విరాళాల అండతో బలపడ్డాయి.’

ఆర్థికం, రాజకీయం, సామాజికం అని మూడు పేరాలు కట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆ ప్రవేశాల నిబంధన ఏ పేరాలోకి వెళ్తుంది? మూడింట్లోకీ.

ఇంకో మాట. జవాబులో ఒక్కసారైనా ‘ఎంచుకుంది’ అన్న క్రియ పడాలి. తమిళుల గొంతు నొక్కింది ప్రభుత్వం, నిజమే. 1985లో అనురాధపురం బస్టాండులో ప్రయాణికులను కాల్చడం మాత్రం ఆ దళాల్లో ఒకటైన ఎల్‌టీటీఈ ఎంచుకున్న పని. ఆ క్రియ లేకపోతే కారణం చెబుతున్నారో, వకాల్తా పుచ్చుకున్నారో దిద్దేవాడికి తెలియదు.

అలన్ క్రూగర్, యిట్కా మలెచ్‌కోవా అనే ఆర్థికవేత్తలు 2003లో, పేదరికానికీ ఉగ్రవాదానికీ నేరుగా ఉన్న సంబంధం బలహీనమేనన్నారు. ఈ పేర్లు గుర్తుంటే ఒక వాక్యంలో రాయండి, లేకపోతే వదిలేయండి.

అభ్యాసం: 2019 ఈస్టర్ నాడు కొలంబోలో ఆత్మాహుతి దాడులు చేసినవాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు, మసాలా దినుసుల వ్యాపారంలో బాగా గడించిన ఆసామి కొడుకులు. ఈ దాడులకు కారణాలను 150 మాటల్లో రాయండి. మూడు మాటలూ వాడాలి, ‘పేదరికం’ ఒక్కసారీ రాకూడదు. ‘వల్ల’ ముందు ఏం రాయాలో తోచక చాలామంది ఆగిపోతారు. ఐదో పాఠం అక్కణ్ణుంచే.